పని: తలుపు తీయాలి

పాత భవనం, రెండో అంతస్తు. సాయంత్రం ఆరవుతోంది. తెరిచి ఉన్న గది తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని తాళం విప్పుతున్నాడు, తాళాలు బాగుచేసే అతను. గుమ్మం పక్కన బల్ల మీద, టీ ఫ్లాస్కు పెట్టుకుని ఒక పెద్దాయన.

“మార్చి తొమ్మిది, నేనిక్కడికి మొదటిసారి వచ్చిన రోజు. పొద్దున రెండు అరటిపళ్లు తిన్నాను. అవీ కడుపులో నిలవలేదు. లోపల ఫ్యాను ఉంది చూశావూ, ఆ రోజు నుంచీ తిరగదు.”

“ఫ్యాను నా పని కాదండీ. నాది తాళం.”

“తాళానికేమైంది?”

“పట్టేసింది.”

“ఇందాక తీసింది నేనే. వెన్నలా తిరిగింది.”

“పైకలాగే ఉంటుంది. లోపల అరిగిపోయి, ఒకరోజు ఉన్నట్టుండి మొరాయిస్తుంది.”

“మనుషుల్లాగా.”

“నేను తాళం గురించి చెప్తున్నానండీ.”

“నేనూ తాళం గురించే అన్నాను బాబూ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం? అదిగో, స్ప్రింగు పడింది.”

“తెలుసు.”

“మూడోసారి.”

“తెలుసండీ! జ్వరమొచ్చి తగ్గింది. చేతులు కొంచెం... అంతే.”

“ఎప్పుడు తగ్గింది జ్వరం?”

“మొన్న రాత్రి.”

“అయితే రెండో రోజు. వణుకుతాయి. ఇంద, టీ తాగు.”

“సగమే పోశారేం?”

“నిండా పోస్తే ఒలుకుతుంది. ఇక్కడ మొదటిరోజు ఎవరికైనా సగమే.”

“మొదటిరోజేంటండీ? నేను పని మీద వచ్చాను.”

“అందుకేనా, కింద వీధిలో మూడు చుట్లు తిరిగావు? కిటికీలోంచి చూశాలే.”

“చిరునామా వెతుక్కున్నాను. బోర్డన్నా పెట్టరేం మీరు?”

“బోర్డు పెడితే వచ్చేవాడివా?”

“ఇదిగో, ఈ అట్ట చూడండి. మా కొట్లో ఫోను మా అమ్మాయి ఎత్తుతుంది. పనొస్తే అట్టముక్క మీద రాసి మేకుకి తగిలిస్తుంది. ‘రెండో అంతస్తు, ఎడమ గది. సాయంత్రం ఆరు. పని: తలుపు తీయాలి.’ చదువుకోండి.”

“తలుపు తీసే ఉందిగా.”

“అదే... అదే నాకూ అర్థం కాలేదు.”

“కింద ఇంకో వరస ఉన్నట్టుంది. పిలిచినవారు, అని. ఎవరు పిలిచారు?”

“చెమటకి చెరిగిపోయింది. ఇటివ్వండి.”

“ఇంద. మెట్ల మీద ఆవిడెవరో వస్తోంది, దారివ్వు.”

“కొంచెం జరుగు బాబూ, లోపలికెళ్లాలి. అయ్యో, నువ్వా?”

“నమస్తే టీచరమ్మా. తాళం. తాళం బాగుచేస్తున్నా.”

“అలాగా. నేనూ ఊరికే... కుర్చీలు సర్దుదామని వచ్చాను.”

“సరేనమ్మా.”

“లోపలికి వెళ్లిందిలే. తల ఎత్తు.”

“నేను పోతాను పెద్దాయనా.”

“తాళాన్ని ముక్కలు చేసి పోతావా?”

“చూసేసిందండీ! వాళ్లింటి తాళం బిగించింది నేనే. ఊళ్లో సగం గుమ్మాలకి తాళాలు నా చేతి మీదే పడ్డాయి. తెలిస్తే రేపు నన్నెవరు పిలుస్తారు? తాగుబోతు చేతికి తాళంచెవి ఎవరిస్తారు?”

“ఆ మాట నువ్వే అన్నావు. నేననలేదు.”

“అన్నానా?”

“అన్నావు. పోనీ, ఆవిడ మొహం చూశావా? ఊరంతా చెప్తావేమోనని నీకంటే ఎక్కువ బెదిరింది. కుర్చీలు నేనెప్పుడో సర్దేశాను.”

“లోపల ఏం చేస్తారండీ?”

“తాగుడు మానాలనుకునేవాళ్లు వచ్చి కూర్చుంటారు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడతారు. లోపల కూర్చున్న ఆ నీలం స్వెట్టరావిడ నర్సు. ముందు ఈ వణుకు సంగతి ఆమెకి చెప్పు. ఉన్నట్టుండి మానేసినవాళ్లు ఒంటరిగా పడుకోకూడదు. ఇంట్లో ఎవరున్నారు?”

“కొట్లో పడుకుంటున్నా.”

“ఇంట్లో ఎవరున్నారని అడిగాను.”

“ఎలాంటి తాళమైనా నిమిషంలో తీస్తానండీ. మొన్న మా ఇంటిదీ తీశాను. లోపల గడియ వేసుంది. గడియకి తాళంచెవి ఉండదు. లోపలివాళ్లే తీయాలి.”

“తీయలేదా?”

“అమ్మాయి ఏడుపు వినబడింది. అంతవరకే గుర్తుంది. తెల్లారి చూస్తే తలుపు నిండా సుత్తి దెబ్బలు. నా సుత్తే. ఒక చోట చెక్క చీలింది. సరిగ్గా అమ్మాయి తలంత ఎత్తులో. నాకు నా చేతులంటేనే భయంగా ఉందండీ.”

“ఊఁ. టీ తాగు. చల్లారిపోతుంది.”

“ఇక్కడ లోపల గడియ పెడతారా?”

“ఇందాకటి నుంచి ఆ తలుపుతోనే ఉన్నావు, చూడలేదూ? అవిగో కన్నాలు. గడియ ఎప్పుడో పీకేశాం. ఎవరికి భయమేస్తే వాళ్లు లేచి వెళ్లొచ్చు.”

“మార్చి తొమ్మిదన్నారు. ఏమైంది ఆ ఫ్యానుకి?”

“ఏమీ కాలేదు. నేను కరెంటు పనివాణ్ణి. ఫ్యాను బాగుచేయడానికి వచ్చానని చెప్పి, నిచ్చెనెక్కి, తిరిగే ఫ్యానుని విప్పేశాను. నీలాగే చేతులాడక మళ్లీ బిగించలేకపోయాను. పదకొండేళ్లయింది.”

“పదకొండేళ్లా! ఇన్నేళ్లలో బిగించలేదా?”

“బిగిస్తే నీలాంటివాళ్లకి ఏం చూపించను? నవ్వావు, మంచిదే. ఆ ముక్కలు జేబులో వేసుకో. వచ్చే వారం బిగిద్దువుగాని. రా, ఆ ఖాళీ కుర్చీ నీదే.”

“గుమ్మం పక్కది ఇప్పించండి.”

“అది గుమ్మం పక్కదే.”

“పేరు చెప్పాలా?”

“అక్కర్లేదు. ఇంకెవరూ వచ్చేలా లేరు. తలుపు మెల్లగా దగ్గరికేస్తున్నా, భయపడకు. ఎవరు పిలిస్తే వచ్చావో అదొక్కటి చెప్పు చాలు.”

“అట్ట మీద చెరగలేదండీ. ‘పిలిచినవారు: అమ్మ’ అని రాసింది మా అమ్మాయి. ఆ గడియ వేసుకున్నది... మా ఆవిడే.”