పాత ప్రాసెసర్‌కు కొత్త పాఠం చెప్పిన బర్చినాయ్ ఒస్మోనోవ్నా గారు

1987 సెప్టెంబరు ఏడవ తేదీ సోమవారం నాడు, ఇరవై మూడేళ్ళ ప్రాయంలో శ్రీమతి బర్చినాయ్ ఒస్మోనోవ్నా గారు మా కొక్‌జార్ కాలువ కార్యాలయంలో ఇంజనీరుగా విధులలో చేరారు. ఆ సంవత్సరమే కాలువ మీది పంతొమ్మిది షట్టర్లకు పంతొమ్మిది ఇనుపపెట్టెలు బిగించారు. పెట్టెకొక ఎనిమిది బిట్ల ప్రాసెసర్. ఏ ఊరి వంతుకు ఏ షట్టర్ ఎంత ఎత్తాలో, ఎప్పుడు దించాలో అదే చూసుకునేది.

నాలుగేళ్ళలో రష్యాతో కలిసున్న బంధం తెగి దేశమే మారింది. పెట్టెలు చేసిన కర్మాగారం మూతపడింది. వాటిలోని ప్రోగ్రాం రాసినాయన రాతప్రతులన్నీ సంచిలో వేసుకుని రష్యా వెళ్ళిపోయారు. లోయలో బీటు దుంప పోయి రాజ్మా వచ్చినా, పెట్టెలు మాత్రం పోయిన దుంపకే నీళ్ళు కొలుస్తూ వచ్చాయి. పై అధికారులకు విన్నవిస్తే పెట్టెలు పీకేయమన్నారు. వాటి స్థానంలో ఏం పెట్టాలో ఏ కాగితంలోనూ రాయలేదు. కాలువ గట్టు మొహం చూసినవాళ్ళయితే కదా రాయడానికి.

2012లో ఆ పాత పెట్టెలకే కొత్త ప్రోగ్రాం రాసే బాధ్యతను బర్చినాయ్ గారు తమ భుజాల మీద వేసుకున్నారు. మనిషి రాసిన ఆజ్ఞలను యంత్రపు అంకెలుగా మార్చే నేటి కంపైలర్లలో, అందరికీ ఉచితంగా దొరికేదాన్ని ఒకటి ఎంచుకున్నారు. అది మహా ప్రాసెసర్ల కోసం పుట్టింది. మా ప్రాసెసర్‌కు గుణకారం రాదు, లెక్క నిలుపుకోవడానికి ఉన్నవి ఏడే ఏడు చిన్న అరలు. కోటలో పెరిగినవాడిని గుడారంలో కాపురం పెట్టమన్నట్టే. కార్యాలయపు పని ఏదీ మానకుండా, నాలుగేళ్ళ పాటు, ఆ కంపైలర్‌కు ఈ ముసలి ప్రాసెసర్ భాషను వారు ఓపికగా నేర్పారు. మేమేమైనా తక్కువ ఎగతాళి చేశామా? మరమ్మతు విభాగపు సాతిబాల్ది ఒకనాడు ముఖం మీదే అడిగాడు.

"ముసలి గాడిదకు కొత్త జీను దేనికక్కా?"

"జీను గాడిద కోసం కాదు తమ్ముడూ, ఎక్కేవాడి కోసం."

2016 జులైలో, రాజ్మా పూత మీదున్న వారంలో, కొత్త ప్రోగ్రాంను మొదటిసారి పదకొండో షట్టర్‌కు పెట్టారు. షట్టర్‌ను కాస్త ఎక్కువ ఎత్తి, ఆపి, మళ్ళీ కాస్త దించి సరిచూడడం మా పద్ధతి. ఆ మధ్యలో మోటారు పూర్తిగా ఆగేదాకా ప్రాసెసర్ ఊరికే అంకెలు లెక్కపెడుతూ కూర్చుంటుంది. పాత ప్రోగ్రాంలో ఉన్న ఆ లెక్కను వారు కొత్తదానిలోనూ ఉంచారు. అయితే నేటి కంపైలర్ మహా తెలివైనది. ఫలితాన్ని ఎవరూ వాడని లెక్క దండగ అనుకుని, తనంతట తానే దాన్ని తీసిపారేసింది. పైకి పోతున్న షట్టర్ ఆగకుండానే కిందికి తిరగబోయింది, పళ్ళచక్రం విరిగి మూసుకుపోయింది. దిగువనున్న అరిక్‌బోయు గ్రామానికి నీటి వంతు పోయింది. మళ్ళీ వంతు పన్నెండు రోజులకు గాని రాదు, పూత అన్నాళ్ళు నిలవదు.

పాత షట్టర్ కనుక విరిగిందని రాసిచ్చి ఊరుకోమని అప్పటి అధికారి సెలవిచ్చారు. వారు రాయలేదు. మా లోయలో పోయిన వంతును ఎగువ ఊరే ఇవ్వాలి, అదీ తప్పు చేసినవారు స్వయంగా వెళ్ళి పదిమందిలో అడిగితేనే. వారు తాష్‌బులాక్ గ్రామానికి వెళ్ళి, అక్కడ నీళ్ళ వంతులు చూసే నీరటి పెద్ద కల్మురాత్ గారి ఎదుట నిలబడ్డారు.

"మీ పెట్టెకు మాకన్నా బాగా తెలుసన్నారుగా, దాన్నే వచ్చి అడగమను తల్లీ," అన్నారాయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"దానికి తెలిసింది నేను చెప్పిందే పెద్దాయనా. చెప్పడంలో తప్పు నాది."

ఆయన నవ్వుతున్నవాళ్ళను చేత్తో వారించారు.

"ఆ కార్యాలయం నుంచొచ్చి తప్పు నాదన్నవాళ్ళను నా జన్మలో చూళ్ళేదు. సగం వంతు తీసుకుపో. మిగతా సగం మా పూతకుండాలి."

షట్టర్‌కు గొలుసు కట్టి చేతులతో ఎత్తాము. అరిక్‌బోయులో సగం పూత నిలిచింది, సగం రాలింది. ఆ రాలిన సగాన్ని వారు మరచిపోలేదు, మమ్మల్ని మరవనివ్వలేదు. మోటారు ఆగడానికి ఉంచిన ఆ లెక్కను ముట్టుకోరాదని కంపైలర్‌కు గుర్తు పెట్టడంతో సరిపెట్టుకోక, కంపైలర్ ఇచ్చిన ప్రతి అంకెనూ ఇద్దరు మనుషులు చదివాకే పెట్టెలోకి ఎక్కించాలని నియమం పెట్టారు. అలా రెండేళ్ళలో పంతొమ్మిది షట్టర్లూ కొత్త పంటకు నీళ్ళు కొలవడం నేర్చుకున్నాయి. ఆ తరువాత ఏ ఊరి వంతూ పోలేదు. ఈ కృషిని వివరిస్తూ వారు పై కార్యాలయానికి రాసిన మూడు లేఖలకు జవాబు నేటికీ రాలేదు. ఇక వస్తుందన్న ఆశ మాకూ లేదు.

ముప్పై అయిదేళ్ళ సేవ ముగించి ఈ ఆగస్టులో వారు విరమిస్తున్నారు. వారు వెళ్ళాక ఈ పెట్టెల గతేమిటన్న దిగులు మా అందరిలోనూ ఉంది. అందుకే ఈ జూన్‌లో కొత్త వంతుల ప్రోగ్రాం రాసే పని వారు తమ శిష్యురాలు నుర్జాత్‌కు అప్పగించారు. రాసింది, చదివించింది, ఎక్కించింది అన్నీ నుర్జాతే. నీళ్ళు వదిలే ఉదయాన కార్యాలయమంతా గట్టు మీద ఉంది, వారు మాత్రం రాలేదు. చెప్పిన వేళకు అరిక్‌బోయు పిల్లకాలువలోకి నీరు దిగింది. సాతిబాల్ది వారింటికి వెళ్ళి, రాలేదేమని నిష్ఠూరంగానే అడిగాడు.

"వస్తే మీరంతా నా మొహమే చూస్తారు. నీళ్ళను ఎవరు చూస్తారు?" అన్నారు వారు.

ఆ రోజు మేము నీళ్ళనే చూశాము. శ్రీమతి బర్చినాయ్ ఒస్మోనోవ్నా గారు గట్టు ఎక్కే సత్తువ తగ్గని కాళ్ళతో, చిన్న అంకెలు చదవగల కళ్ళతో, నిశ్చింతగా నిద్రపట్టే మనసుతో నిండు నూరేళ్ళు మా మధ్య వర్ధిల్లాలని, ఇకపై ఏ వేసవిలోనూ మేము వారి తలుపు తట్టే అవసరం రాకూడదని, అయినా తడుతూనే ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.