పట్టపగలే కొట్టిన గండి

1988 ఏప్రిల్ 4, సోమవారం, ఈస్టర్ మర్నాడు, జోరువానలో శ్రీమతి నెలిదా బెర్తొలుస్సి గారు సాన్ ఎవుఫ్రాసియో పంచాయతీ కార్యాలయంలో పన్ను రసీదుల గుమాస్తాగా చేరారు. ఇరవై రెండేళ్ళ ఆ కొత్త ఉద్యోగినికి ఆనాటి అధ్యక్షులవారు అప్పగించిన మొట్టమొదటి బాధ్యత, కింది అరల్లోని దస్త్రాలను పై అరలకు ఎక్కించడం. నీళ్ళు అప్పటికే గుమ్మం దాటాయి. ఆ పని ముగించి చేతులు తుడుచుకుంటూ, ఏటా ఇలా కాగితాలు ఎక్కించి దించే బదులు నీళ్ళ సంగతే చూడరాదా అని ఆమె అడిగారట. చేరిన రోజే ప్రశ్న వేసిన గుమాస్తాను ఆ కార్యాలయం అంతకుముందు ఎరగదు. ఈ మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న నెలిదా గారు ఆ ప్రశ్న వేయడం ఇప్పటికీ మానలేదు.

మన ఐదూళ్ళ సంగతి ఈ సంచిక చదివేవారందరికీ తెలిసిందే. పైకి ఒప్పుకోవడమే కష్టం. మన అర్జెంటీనా పంపా మైదానంలో నేల పళ్ళెంలా ఉంటుంది, నీటికి ఎటు పోవాలో తోచదు, తోచినా రోడ్డుకట్ట అడ్డం. వాన ముదిరితే పై ఊరివాడెవడో చీకట్లో పార భుజాన వేసుకుని వెళ్ళి కట్టకు గండి కొడతాడు. ఆ నీళ్ళు కింది ఊరి మీద పడతాయి. మరునాటి రాత్రి కింది ఊరివాడు తన కట్టకు కొడతాడు. తెల్లవారి అడిగితే కట్ట దానంతటదే తెగిందంటారు. తరతరాలుగా ఇన్ని కట్టలు తెగినా కొట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పాపాలు వినే ఫాదర్ గారు కూడా వ్యభిచారాల దాకా విన్నాను గానీ గండి సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదని నవ్వేవారు.

1994లో పంచాయతీ కార్యదర్శిగా పదోన్నతి పొందిన నెలిదా గారిని, 1998 వరదల తరువాత ఐదు పంచాయతీలు కలిసి స్థాపించుకున్న నీటి సంఘానికి కూడా ఏకగ్రీవంగా కార్యదర్శిని చేశారు. ఆ ఏకగ్రీవానికి గౌరవమే కారణమని రాయాలని ఉంది. ఐదుగురు అధ్యక్షులతోనూ సమానంగా పోట్లాడిన వ్యక్తి ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కరే కావడం అసలు కారణమని ఆనాటివారు చెబుతారు. తొలి సమావేశంలోనే ఆమె ఒక నియమం ప్రతిపాదించారు. గండి కొట్టక తప్పదంటే పట్టపగలే కొట్టాలి. ముందుగా కింది ఊరికి కబురు చేయాలి. కొట్టేటప్పుడు ఆ ఊరి అధ్యక్షుడు గట్టు మీద పక్కనే నిలబడాలి.

అందరికంటే ఎగువనున్న పోసో ఓందో ఊరి అధ్యక్షులు ఒవిదియో పౌతాస్సో గారు పడీపడీ నవ్వారు. "దొంగతనానికి పోతూ ఇంటాయన్ని తోడు రమ్మన్నట్టుంది నెలిదమ్మా."

"పిలవండి. ముందే తెలిస్తే మంచాలన్నా పైకెత్తుకుంటాడు."

"పార తీసుకుని నా మీదికొస్తే?"

"రానివ్వండి. ఇన్నాళ్ళూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండా ముంచుకున్నారుగా, ఇప్పుడు చూసి ముంచుకోండి."

నియమం నెగ్గింది. మిగతా పనులన్నీ ఆ నియమం లోంచే మొలిచాయి. పొరుగువాడి కళ్ళలోకి చూస్తూ అతని ఇంటి మీదికి నీళ్ళు వదలడం ఎంత కష్టమో తెలిశాక, అసలు వదలకుండా ఉండే మార్గాలు ఐదూళ్ళవారికీ ఒక్కొక్కటిగా తోచసాగాయి. ప్రతి ఊరూ తన పల్లపు పొలాల్లో కొంత దున్నకుండా నీటికి వదిలిపెట్టింది. పూడిన కాలువలను వంతులవారీగా ఒకే యంత్రంతో తవ్వుకున్నారు. వానలు మొహం చాటేసిన ఏడాది ఆ పల్లపు మడుగులే ఐదూళ్ళ పశువులకూ తాగునీరయ్యాయి. తరువాత వంతెనల కింద నీటిమట్టం కొలిచే పరికరాలు అమర్చినప్పుడు, అధ్యక్షుల ఫోన్లలో మోగే హెచ్చరికను ఆపే మీట తీసేయమని నెలిదా గారే కార్యాలయపు కుర్రకారును ఆదేశించారు. ఒకాయన అత్తగారి అంత్యక్రియల్లో అది మోగింది. ఆమె సంతాపం తెలిపారు గానీ, మీట పెట్టించలేదు.

2016 ఏప్రిల్ నాటికి "నూరేళ్ళకోసారి వచ్చే వాన" అన్న మాటను నిపుణులు మన కళ్ళముందే మూడోసారి వాడుతున్నారు. రాష్ట్ర రహదారి కట్ట వెనక నీళ్ళు చేరి, పోసో ఓందోలో వృద్ధాశ్రమం గదుల్లోకి వచ్చాయి. మరో రెండు ఊళ్ళు అదే దారిలో ఉన్నాయి. రహదారుల శాఖను అనుమతి అడిగితే దరఖాస్తు పరిశీలనలో ఉందన్నారు. అనుమతి లేకుండా రాష్ట్ర రహదారిని ముట్టుకున్నవారి ఉద్యోగం పోతుందని, కోర్టుకు ఈడుస్తామని కూడా అడగకుండానే చెప్పారు. గండి కొడితే నీళ్ళు ఇళ్ళ జోలికి పోకుండా నదిలో కలిసే చోటు ఒక్కటే ఉంది. ఆ దారిలో ఉన్నది బెర్తొలుస్సీల పచ్చికబీడు. నెలిదా గారి అన్నగారు అదెమార్ గారు తండ్రి తరువాత పాడి నడుపుతున్న నేల.

ఆ ఉదయం ఆమె ఫోన్ చేయలేదు. బురదలో నడిచి అన్నగారి పాలు పితికే కొట్టానికి వెళ్ళారు. అదెమార్ గారు మాతే ఆకుల కషాయం కాచి, సొరకాయ బుర్రలో పోసి అందించారు. ఆమె తాగి, థాంక్స్ అనకుండా బుర్ర తిరిగి ఇచ్చారు. అంటే ఇంకో విడత పోయమని, ఇప్పుడప్పుడే లేవనని. ఆ తరువాత జరిగిన మాటలు ఐదూళ్ళకూ తెలుసు, ఎందుకంటే అదెమార్ గారే కనబడిన ప్రతివారికీ చెబుతారు.

"రేపు మధ్యాహ్నం రోడ్డు కొడుతున్నాం అన్నయ్యా. మన కంచె దగ్గర."

ఆయన ఆవు పొదుగు కడగడం మొదలుపెట్టారు. "పోసో ఓందో వాళ్ళు నాన్న పొలాన్ని రెండుసార్లు ముంచారు. రాత్రిపూట. ఒక్కడన్నా నేనే అన్నాడా?"

"అనలేదు. అందుకే నేను పగలొచ్చి చెప్తున్నా."

"నీకు జీతమిచ్చేది మన ఊరు. ముంచేదీ మన ఊరినే. బాగుందే."

"మునిగేది గడ్డి. అక్కడ మునిగేది మంచాల మీదున్న ముసలాళ్ళు."

"ఆవుల్నెక్కడికి తోలను?"

"ఒవిదియో మెరక పొలంలోకి. గేటు తీసి పెట్టాడు. పాలు కూడా పితుకుతానన్నాడు."

"వాడికి పితకడం రాదు."

"నేర్పు."

మరునాడు మధ్యాహ్నం, నియమం ప్రకారం, ఐదుగురు అధ్యక్షులూ గట్టు మీద వరుసగా నిలబడ్డారు. పంచాయతీ యంత్రం తవ్వుతుండగా రహదారుల శాఖ పర్యవేక్షకులు పోలీసును వెంటబెట్టుకుని వచ్చి, పని ఆపమని, ఆజ్ఞ ఇచ్చినదెవరో చెప్పమని గద్దించారు. యంత్రం నడిపే అతను ఇంజన్ ఆపి నెలిదా గారి వైపు చూశాడు. ఆమె అతనికి కానివ్వమని చెయ్యి ఊపి, అధికారి ముందుకు వచ్చి నిలబడ్డారు.

"నేనిచ్చాను. నెలిదా బెర్తొలుస్సి. నీళ్ళు పోయే పొలం కూడా బెర్తొలుస్సీలదే. రెండూ రాసుకోండి."

అప్పుడు కట్ట దిగువన అదెమార్ గారు కనిపించారు. నీటి ఉరవడికి కంచె గుంజలు కొట్టుకుపోకుండా తన కంచె తీగలను తానే ఒక్కొక్కటిగా కత్తిరిస్తున్నారు. తల ఎత్తకుండానే, తీగలు కోసింది అదెమార్ అని అది కూడా రాసుకోమన్నారు. అధికారి రాసుకున్నారు. నీళ్ళు వెళ్ళాయి. సాయంత్రానికి వృద్ధాశ్రమంలో మంచాల కాళ్ళు బయటపడ్డాయి. అదెమార్ గారి బీడు మాత్రం ఆ చలికాలమంతా చెరువై నిలిచింది. ఆయన ఆవులు అన్నాళ్ళూ ఒవిదియో గారి గడ్డి తిన్నాయి. ఒవిదియో గారికి పితకడం ఈనాటికీ పూర్తిగా రాలేదని అదెమార్ గారి అభిప్రాయం.

శాఖవారు అన్నమాట ప్రకారం కోర్టుకు వెళ్ళారు. నెలిదా గారిని ఉద్యోగం నుంచి తొలగించమని సాన్ ఎవుఫ్రాసియో పంచాయతీకి ఆదేశం వచ్చింది. పంచాయతీ దాన్ని తిరస్కరించింది. గండి పూడ్చమని ఆదేశం వచ్చింది. ఐదు పంచాయతీలూ కలిసి ఆ చోట వంతెన కట్టాయి. అది మొదలు పోసో ఓందోలో ఏ మంచం కాలూ తడవలేదు. వంతెన కూల్చి కట్ట పూడ్చాలన్న ఆదేశం నేటికీ అమలులోనే ఉంది, వంతెన కూడా ఉంది. మధ్యలో ఒకసారి శాఖవారి న్యాయవాది రాజీకి వచ్చారు. తొందరపడ్డానని, విచారిస్తున్నానని ఒక్క మాట అని, కట్ట పూడ్చడానికి ఒప్పుకుంటే వ్యాజ్యం అక్కడితో ముగుస్తుందని, ఆమె నిశ్చింతగా విశ్రాంతి జీవితంలోకి వెళ్ళవచ్చని సెలవిచ్చారు. న్యాయమూర్తి కూడా అనునయంగానే అడిగారు, విచారం ఏమైనా ఉందా అని.

"ఉందండి. ఒకరోజు ముందే కొట్టాల్సింది."

రాజీ అక్కడితో ముగిసింది, వ్యాజ్యం ముగియలేదు. ఆగస్టులో మళ్ళీ వాయిదా ఉంది. అప్పటికి ఆమె కార్యదర్శి కారు, ఒక సామాన్య పౌరురాలు. ఒంటరిదాన్ని చేసి ఒప్పించవచ్చని శాఖవారు లెక్క వేసుకుని ఉండవచ్చు. కిందటి నెల ఐదు పంచాయతీలూ ఒకే రోజున, ఒకే వాక్యంతో తీర్మానం చేశాయి: ఆ గండి ఐదూళ్ళది, ముద్దాయి స్థానంలో ఐదూళ్ళనూ చేర్చాలి. పదవిలో లేకపోయినా తన పేరు విడిగా చేర్చమని ఒవిదియో గారు పట్టుబట్టారు. ఆయన పక్కన కూర్చోవలసి వస్తే శిక్ష అప్పుడే పడ్డట్టేనని నెలిదా గారు అన్నారు గానీ, కాదనలేదు.

కోర్టు వ్యాజ్యాల ఆయుష్షు మనుషుల ఆయుష్షు కంటే పెద్దదని అనుభవజ్ఞులు అంటారు. నెలిదా గారి విషయంలో అది తారుమారు కావాలి. ఆ వ్యాజ్యం ముసలిదై, మంచం పట్టి, చివరికి కొట్టివేతకు గురైన నాడు కూడా ఆమె మోకాళ్ళ నొప్పి లేకుండా, కంటిచూపు మందగించకుండా, కోపం ఏమాత్రం తగ్గకుండా, తనవారందరి నడుమ ఆరోగ్యంగా ఉండాలని, ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు మనల్ని నిలదీస్తూ నిండు నూరేళ్ళు జీవించాలని ఐదు పంచాయతీల సిబ్బంది మనసారా కోరుకుంటున్నారు. ఈ కోరికకు ఏ శాఖ అనుమతీ అడగడం లేదు.