బావమరిదిని తిట్టే హక్కు

"తాతా, ప్రభుదాసు తాతను వాలీబాల్ టీముకు మేనేజరుగా పెట్టినప్పుడు ఊళ్ళో అందరికంటే నువ్వే ఎక్కువ తిట్టినావంట. నిజమేనా?"

ఎవరు చెప్పినారు మే నీకు? మీ అవ్వేనా? ఇంకెవరు చెప్తార్లే. నిజమే, తిట్టినా. అబద్ధం ఎందుకు చెప్పాల. బావమరిదిని బావ తిట్టకపోతే ఇంకెవరు తిడతారు? ఆ ఫోను చేత్తో పట్టుకోబాకమ్మా, గోడకు ఆనించి పెట్టు, ఇది ఇప్పట్లో అయ్యే కత కాదు. సముద్రం గాలికి నా మాట దాంట్లో రికార్డు అవతా ఉండాదా? సరే.

నువ్వు నెల్లూర్లో హాస్టల్లో ఉండేదానివి, మన పాలెం సంగతి నీకు సగమే తెలుసు. మనకు వాలీబాల్ అంటే ఎండాకాలమే. ఎందుకని? చేపలు గుడ్లు పెట్టే కాలమని గవర్నమెంటోళ్ళు రెండు నెలలు వేట ఆపేస్తారు గదా. బోట్లన్నీ ఒడ్డున, మగోళ్ళంతా ఇళ్ళల్లో. ఖాళీగా ఉంటే పెళ్ళాలతో తగాదాలు. అందుకని ఈ చుట్టుపక్కల పాలేలన్నీ కలిసి పందేలు పెట్టుకుంటాయి. మా వయసులో నెట్టు కొనేది యాడుంది? పాత వల రెండు సర్వి కర్రలకు కట్టేవాళ్ళం. బంతి మాత్రం కావలి పోయి కొనాల్సిందే. టీ పది పైసలు ఆ రోజుల్లో, బంతి కావాలంటే ఇంటికి రూపాయి వేసుకునేవాళ్ళం. మా పెదనాయన ఆ రూపాయి ఇచ్చేదానికి ఒక యేడు... సర్లే, ఆయన సంగతి ఎత్తితే పొద్దు గూకుతాది.

ఆఁ, ఇంకోటి చెప్పాల. ఆట చూసేదానికి సరంగులొస్తారు. సరంగంటే బోటు నడిపించేవాడు, నేనూ ఒకప్పుడు సరంగునే గదా. ఎవడి రెక్కలో బలముంది, ఎవడు ఎండకు ఓర్చుకుంటాడు అని చూసుకుంటా కూర్చుంటారు. వేట మొదలయ్యేనాటికి "రేయ్, నా బోటుకు రారా" అని పిలుచుకుంటారు. మీ చదువుకున్నోళ్ళకు ఇంటర్వ్యూ అంటారే, మా పిల్లోళ్ళకు అది ఆ ఇసకలోనే.

ఈ యేడు పాత మేనేజరు నాయుడుపేటలో కూతురి దగ్గర ఉండిపోయినాడు. ఊరి పెద్దోళ్ళు చూసి చూసి, చర్చి పక్కన చిల్లర అంగడి పెట్టుకోనుండే మీ ప్రభుదాసు తాతను పెట్టినారు. మీ అవ్వ తమ్ముడు. మంచోడే, కాదన్లా. మాట మాత్రం నోట్లోంచి లాగితే గాని బయటికి రాదు. ఆ పదవి ఇచ్చిన రోజు మెళ్ళో విజిలేసుకుని ఇంటికొచ్చి వాళ్ళక్కకు చూపించినాడు. ఆమె దిష్టి తీసినంత పని చేసింది.

ఇంక మొదటాట. మన టీములో బంతి కొట్టేవాడు ఎవరు? జాను. రూతమ్మ కొడుకు. ఆ పిల్లోడు ఎగిరి కొడితే అవతలోళ్ళు బంతి కోసం కాదు, పక్కకు తప్పుకునేదానికి చూస్తారు. అట్టాంటోణ్ణి ప్రభుదాసు కూర్చోబెట్టినాడు! వాడి బదులు ఎవర్ని దించినాడో తెలుసా, ఆటో తోలే కరుణాకర్‌ని. పిల్లోడు పొడుగే, కాకపోతే బంతి ఒక పక్క పోతే వీడు ఒక పక్క. ఓడిపోయినాం. రెండో ఆటలోనూ అదే. మధ్యలో టైమవుట్ తీసుకుని అందర్నీ పిలిచి, ఏం చెప్పినాడనుకుంటివి? "నీళ్ళు తాగండి" అన్నాడంట. అంతే! మళ్ళీ ఓడిపోయినాం.

ఊరు ఊరుకుంటాదా? బోర్లించిన పడవల మీద కూర్చుని ఒకటే తీర్పులు. వీడికి ఆటంటే తెలవదని ఒకడు, అవతలోళ్ళకు అమ్ముడుపోయినాడని ఒకడు. ఎప్పుడూ బంతి ముట్టుకోని మన కొబ్బరి బొండాలాయన కూడా, సర్వీసు ఎవరు చెయ్యాల్నో చెప్పినాడు. రూతమ్మయితే నడి ఇసకలోకి పోయి, నా బిడ్డ నీకేం అన్యాయం చేసినాడని గుప్పెడు ఇసక తీసి ప్రభుదాసు మీద పోసింది. ఎందుకు కూర్చోబెట్టినావయ్యా అని పెద్దోళ్ళడిగితే ఒకటే మాట, "నా ఇష్టం" అని. నీ ఇష్టమేందిరా, ఊరి పరువది. నాకు తిక్క రేగింది. నా గొంతు తెలుసు గదా, సముద్రం హోరులో బోటు ఆ చివరికి వినపడాలని పెంచుకున్న గొంతు. అంగడిలో బెల్లం తూకమేస్తా పిల్లోళ్ళ బతుకులు కూడా తూకమేస్తన్నావా అని అందరి ముందరా అరిచినా.

మర్నాడు మధ్యాన్నం ఇంట్లో కూర్చోబెట్టి తిడదామని వాళ్ళింటికి పోయినా. తలుపు తోసినా. చూస్తే జాను చొక్కా ఇప్పి పీట మీద కూర్చోనుండాడు. ప్రభుదాసు వేడి ఉప్పు మూటతో వాడి కుడి భుజానికి కాపడం పెడతా ఉండాడు. ఆ పిల్లోడు పళ్ళు కరుచుకుని ఉండాడు, కళ్ళల్లో నీళ్ళు. నన్ను చూసి ఇద్దరూ బిగుసుకుపోయినారు.

సంగతేందంటే, వేట ఆపే ముందర ఆఖరి రోజుల్లో వల లాగతా ఉంటే వాడి భుజం పట్టేసింది. కావలిలో డాక్టరు చూసి, రెండు నెలలు చెయ్యి పైకెత్తొద్దు, ఎత్తితే ఇంక ఎప్పటికీ అంతే అన్నాడంట. ఆ మాట బయటికొస్తే ఏ సరంగు వాణ్ణి బోటెక్కిస్తాడు? నేనయినా ఎక్కించేవాణ్ణి కాదు. తండ్రి లేడు, వాడొక్కడి రెక్క మీద ఆ ఇల్లు నడవాల. వాళ్ళమ్మక్కూడా చెప్పలా. వాడంతట వాడు ఆడకుండా కూర్చుంటే, వీడికేమో అయిందని కనిపెట్టేస్తారు. అందుకని పిచ్చి మేనేజరు కూర్చోబెట్టినాడు అనిపించుకున్నాడు మీ ప్రభుదాసు తాత.

నాకప్పుడు గుర్తొచ్చింది. ప్రభుదాసు కూడా వయసులో వాలీబాల్ ఆడినోడే మే, నీకు తెలీదు. భుజం నొప్పితోనే ఫైనల్ ఆడినాడు. కప్పు గెలిచినాం, ఊరంతా భుజాన వేసుకుని ఊరేగించినాం. మళ్ళీ వాడు వేటకు పోలా. ఈ రోజుకీ ఆ చేత్తో చొక్కా మేకుకు తగిలించలేడు. అందుకే అంగడి. ఇన్నేళ్ళలో ఒక్క రోజన్నా ఆ మాట ఎత్తినోడు కాదు.

సరే, ఇంక నిన్నేమీ అననురా అన్నా. వాడు ఉప్పు మూట కింద పెట్టి, "బావా, నువ్వు ఆపితే కొంప మునుగుద్ది. నిన్నటిదాకా అరిచినోడు ఈ రోజు ఎందుకు మూసుకున్నాడని అడగరా? తిట్టు బావా. ఇంకొంచెం గట్టిగా తిట్టు" అన్నాడు.

ఇట్టాంటి పని ఎవరికన్నా పడిందా చెప్పు. తిట్టినా. మూడో ఆటలో కూడా ఓడిపోయినాం, నేను పడవ మీదెక్కి నిలబడి తిట్టినా. ముందు కోపంతో తిట్టింది ఏం లెక్క, ప్రేమతో తిట్టేటప్పుడు ఎన్ని మాటలొస్తాయో! వాడు తల దించుకుని మీసాల్లో నవ్వుకుంటా ఉండాడు. ఇక్కడ ఇంట్లో మాత్రం మీ అవ్వ, తన తమ్ముణ్ణి నలుగుర్లో అన్నానని నాతో మాట్లాడటం మానేసింది. ఎండు నెత్తళ్ళ చేపలు వంకాయల్లో వేసి కమ్మగా వండుద్ది, నాకు వంకాయలు మాత్రం ఏరి వేస్తాది. ఎన్ని రోజులని తింటా వంకాయలు? చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చేది. ఆమెకు చెప్తే రూతమ్మకు తెలుస్తాది, రూతమ్మకు తెలిస్తే బోట్లన్నిటికీ తెలుస్తాది. మింగేసేవాణ్ణి.

ఆఖరికి పెద్దోళ్ళు కూర్చున్నారు, మేనేజర్ని తీసేసి జానును దించుదామని. కొత్తోణ్ణి పెడితే ఆ సాయంత్రమే జాను బంతి కొట్టాల, భుజం పోవాల. అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే గదా, ముందు నన్నే అడిగినారు, ఏం ఏసోబన్నా, తీసేద్దామా అని.

లేచి నిలబడి అన్నా, "వాణ్ణి తీసేస్తే నేనెవర్ని తిట్టేది? వాడు నా బావమరిది. తిట్టే హక్కు నాది. తీసేసే హక్కు ఎవరికీ లేదు. వేట మొదలయ్యేదాకా వాడే ఉంటాడు, నేను తిడతానే ఉంటా." ముందు ఒకాయన నవ్వినాడు, ఇంకొకాయన నవ్వినాడు, ఇంక ఆపేదెవరు? కూర్చున్నోళ్ళంతా పొట్టలు పట్టుకున్నారు. ఏసోబు ముచ్చట ఎందుకు కాదనాల, ఉండనీండి అన్నారు.

కప్పా? కప్పు రాలేదమ్మా. కరుణాకర్ పాపం కొంచెం నేర్చుకుని రెండాటలు గెలిపించినాడు, అంతే. కప్పు పక్క పాలెం వాళ్ళు ఎత్తుకుపోయినారు. వేట మొదలైన రోజు జాను బోటెక్కినాడు. వల లాగేటప్పుడు చెయ్యి పూర్తిగా పైకి లేచిందంట. ఆ సంగతి బోటు దిగినోళ్ళని అడిగి తెలుసుకున్నాక గాని ప్రభుదాసు అంగడి తెరవలా.

ఇప్పుడు నీకెందుకు చెప్తా ఉండానంటే, మొన్న ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే టైములో జానే లేచినాడు. దేవుడు నా చెయ్యి నాకు తిరిగిచ్చినాడు అని మొదలుపెట్టి, డాక్టరు సంగతి, కాపడం సంగతి, ప్రభుదాసు తాత నా కోసం ఊరందరి చేతా మాట పడినాడని మొత్తం చెప్పేసినాడు. చెప్తా చెప్తా ఏడ్చినాడు. చర్చిలో ఉండేదెవరు? ఆ తిట్టినోళ్ళే గదా అందరూ. తలలన్నీ ప్రభుదాసు వైపు తిరిగినాయి. వాడు పాటల పుస్తకంలో ముఖం దాచుకున్నాడు. రూతమ్మ ఆడోళ్ళ వైపు నుంచి లేచొచ్చి, ఇసక పోసింది గదా, ఆ తల మీదే చెయ్యి పెట్టి నిలబడిపోయింది. ఆ పిల్లోడు ఊరుకోకుండా, ఏసోబు తాతకు కూడా తెలుసు, తెలిసే తిట్టినాడు అని ఆ ముక్క కూడా అనేసినాడు. మీ అవ్వ నన్నొక చూపు చూసింది.

ఇంటికొచ్చినాక అన్నం పెట్టింది. సగం తిన్నాక, విసనకర్ర పక్కన పెట్టి, "నాకు ముందే చెప్పుంటే, నేనూ వచ్చి పక్కన నిలబడి తిట్టేదాన్ని గదా మా తమ్ముణ్ణి" అనింది.

ఆమె కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాలే, నాకేం సిగ్గు.

ఆపేస్తావా ఆ ఫోన్ని? ఆపు. ఇట్టా దగ్గరికి రా. పెద్ద చదువు చదివి పెద్ద పని చేస్తావు, నలుగురూ నాలుగు మాటలంటారు, అనకుండా ఉండరు. ఆ అనేవాళ్ళల్లో ఒక్కరన్నా నిజం తెలిసి అనేవాళ్ళు ఉండాలమ్మా నీకు. చల్లగా ఉండు తల్లీ.