ఎద్దుకు లేని ఎముక

ఏంటే తెస్సా, పొద్దున్నుంచీ ఆ గొణుగుడు? పరీక్షా? కండలూ ఎముకలూనా? ఏదీ, ఇంకోసారి చదువు... "కండ లాగగలదే గానీ తోయలేదు." ఓస్, దీనికి అంత లావు పుస్తకమా! ఈ ముక్క నేను అరవై ఒకటిలోనే విన్నాను. బళ్ళో కాదు, కబేళాలో, మోచేతుల దాకా కొవ్వు పూసుకుని నిలబడి. చెప్పినాయన బోహుమిల్ జాస్తెరా. నీకు తెలీదులే, మీ అమ్మకే తెలీదు. మన ఊళ్ళో ఆయన్ని చూసినవాళ్ళు ఇంకెవరున్నారు గనక? నేనూ, ఆ వృద్ధాశ్రమంలో మంచాన పడున్న రూడీగాడూ. రూడీకి వాడి పేరే గుర్తు లేదిప్పుడు. కూర్చో, కూర్చో. ఆ దిండు నా వీపు వెనక్కి తొయ్యి. ఊఁ, చాలు. ఈ ఎడమ చెయ్యి చూస్తున్నావుగా, భుజం దాటి పైకి లేవదు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే యుద్ధంలో తగిలిందని చెప్పాను నీకు. నేను ఏ యుద్ధానికీ పోలేదమ్మా.

అప్పట్లో ఊళ్ళో సగం మందిమి కబేళాలోనే. నెబ్రాస్కా అంతా ఎద్దులే కదా, మనుషుల కన్నా అవే ఎక్కువ. చల్లటి పెద్ద హాలు, పైన పట్టాలు, పట్టాలకి కొక్కేలు, కొక్కేలకి నిలువునా చీల్చిన ఎద్దులు వరసగా వచ్చేవి. ఎవడి కోత వాడిది. అన్నిట్లోకీ జబ్బ బల్లంటే గౌరవం. ముందుకాలూ, భుజమూ విప్పి ఎముక తీసే బల్లన్నమాట. తొడకండ పెద్దది, కళ్ళు మూసుకునీ కొయ్యొచ్చు. జబ్బలో ఒకదాని మీద ఒకటి, ఒకదాని కింద నించి ఇంకోటి, చిన్నా పెద్దా అన్నీ అల్లుకుని ఉంటాయి. కత్తి వెంట్రుకవాసి పక్కకి పోయిందా, మంచి మాంసం కాస్తా చిల్లర ముక్కలకింద పోయేది. ఆ బల్ల దగ్గర చోటు కోసం రెండేళ్ళు నేలమాళిగలో తోళ్ళకి ఉప్పు రాశాను. ఉప్పంటే నీ వంటింటి ఉప్పనుకునేవు, గోళ్ళ సందుల్లో పుండ్లు పడేవి. మీ అమ్మమ్మ అప్పటికి ఇంకా నా పెళ్ళాం కాదు, శనివారం డాన్సు హాల్లో నేను దగ్గరికెళితే ముక్కు మూసుకునేది. "స్నానం చేశావా అలోయిస్?" "చేశానే." "అయితే పోయి మళ్ళీ చెయ్యి." అదీ ఆవిడ సరసం. అందుకని, ఆ బల్ల దొరికిన రోజు నాకు పట్టాభిషేకమే అనుకో. ఆ బల్లే నా జీతం, నా పెళ్ళి, నా పరువు, అన్నీనూ.

బోహుమిల్ ఆ బల్లకి పెద్ద. అప్పటికే ముప్పై ఏళ్ళ నించీ అదే పని. పొట్టి మనిషి, చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు ఇంతింతలేసి. మొదటి రోజు నాకు కత్తివ్వలేదు. ఎద్దు ముంగాలొకటి బల్ల మీద పడేసి, అందులోంచి తెల్లటి తాడులాంటిది పైకి తీసి నా చేతికిచ్చాడు. "లాగరా." లాగాను. గిట్ట టక్కున ముడుచుకుంది, బతికున్నట్టే. నేను ఉలిక్కిపడ్డాను. "ఇప్పుడు తొయ్యి." తోస్తే ఏముంది, తాడు మెత్తగా వంగిపోయింది, గిట్ట ఉలకలేదు. "చూశావా? ఏ కండైనా దగ్గరికి లాక్కోవడమే ఎరుగును, తోయడం ఎరగదు. మరి ముడిచిన కాలు చాపాలంటే?" నేను మళ్ళీ ఆ తాడునే పట్టుకున్నాను. "వెనక వెతకరా, వెర్రివాడా. ఇటు ఒకడు లాగితే అటు ఇంకోడు లాగాలి. ఒకడు లాగేప్పుడు రెండోవాడు ఊరుకోవాలి. ఇద్దరూ ఒకేసారి పంతానికి పోతే కాలు కర్రలా బిగుసుకుపోతుంది, మా ఇంట్లో మా ఆవిడా నేనూ లాగ." అని తనే నవ్వేవాడు. ఎముక ఊరికే ఉండే కర్ర అనేవాడు, కీలు దగ్గర ఆనించిన కర్ర. కండ అవతల తాడు కట్టి ఇవతల లాగుతుంది, బరువు లేస్తుంది, అంతే. ఎద్దు ముందుకాలికీ ఒంటికీ మధ్య ఎముకే లేదని అప్పుడే చూపించాడు. నిజమేనే! రంపం అక్కర్లేదు, కత్తి చాలు, జబ్బ మొత్తం ఊడొస్తుంది. అంత గొడ్డూ ముందుకాళ్ళ మధ్య కండల ఊయల్లో పడుకున్నట్టు వేలాడుతూ నడుస్తుందంట. నాకైతే ఆ రాత్రి మా పాడావుని చూస్తే కొత్తగా అనిపించింది.

ఏంటీ, ఏముందక్కడ? కండలో ఒక్కో పోగూ ఒక్కో కణమా? ఉడికిన మాంసం వేలితో లాగితే దారాల్లా విడిపోతుంది చూడు, అవన్నీ కణాల కట్టలేనా? ఆహా! లోపల ఇంకా సన్నటివి రెండు రకాల పోగులున్నాయీ, ఒకదాని మధ్యకి ఒకటి జారతాయీ... అంటే ఇలాగా, ఈ చేతివేళ్ళ సందుల్లోకి ఆ చేతివేళ్ళు దూర్చి దగ్గరికి తోసినట్టు? వేళ్ళు పొట్టివైపోవు, రెండు చేతులూ దగ్గరవుతాయి, అంతేగా? భలే! బోహుమిల్ వింటే ఎగిరి గంతేసేవాడు. ఆయనకి ఒక సంగతి మాత్రం అంతు చిక్కలేదు. అప్పుడే కోసిన ఎద్దు, తలకాయ లేదు, అయినా కొక్కెం మీద భుజం కండ గిలగిలా కొట్టుకునేది. అదే ఎద్దు సాయంత్రానికి కొయ్యలా బిగుసుకునేది. "ప్రాణం పోయినదానికి ఇంత పట్టు ఎక్కణ్ణించి వస్తోందిరా?" అనేవాడు. ఏదీ, నీ పుస్తకం ఏమంటుంది? పట్టు వదలడానికి కూడా బలం కావాలా? ఆ బలం అయిపోతే పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోతుందా? ఊఁ. ఉండొచ్చు. ఉండొచ్చులే. కాస్త ఆ కాఫీ ఇటందించు, చల్లారినా పర్లేదు.

ఎంతవరకు చెప్పాను? ఆఁ. ఆదివారం చర్చిలో కూడా ఆయనకి అదే పని. మేమంతా దణ్ణం పెట్టుకుంటుంటే నా చెవిలో, "ఫాదర్ గారు మోకాళ్ళ మీంచి లేచేప్పుడు చూడు, ఎడమ పిర్ర పని చెయ్యట్లేదు, కుడిదే అంతా మోస్తోంది." నవ్వాపుకోలేక నేను దగ్గేవాణ్ణి. కానీ ఊరికే వేళాకోళం కాదు. కబేళాలో ఒక చేత కత్తి, ఇంకో చేత కొక్కెం పట్టి మాంసాన్ని రోజుకి వందలసార్లు లాగే పని, ఎవడికి చూడు భుజం నొప్పి. నర్సమ్మ దగ్గరికి పోతే ఘాటు తైలం రాసి, చీటీలో ఏదో రాసేది. ఆ చీటీ మేస్త్రీ చేతికి వెళ్ళిందంటే నిన్ను బల్ల మీంచి తీసేసి కిందకి, ఉప్పులోకి. అందుకని ఎవరూ పోయేవాళ్ళు కాదు. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టగానే బట్టలు మార్చుకునే గదిలో బోహుమిల్ ముందు వరస కట్టేవాళ్ళు. ఆయన కొలాచీ బన్ను పంట కరుచుకుని, రెండు చేతుల్తో భుజాలు తడిమేవాడు. "నీది వెనక కండ అలిసింది, ముందుదాన్ని సాగదియ్యి." "నువ్వు చెయ్యి మార్చి లాగు రెండ్రోజులు." వేణ్ణీళ్ళ తువ్వాలు వేసేవాడు. బాగయ్యేదే! నా కళ్ళతో చూశాను, ఇరవై ముప్పై మందికి బాగయింది.

నేను పడ్డది ఫిబ్రవరిలో. నేల మీద కొవ్వు గడ్డకట్టి ఉంది, నా కాలు జారింది, ఎడమ భుజం మీద దభీమని పడ్డాను. ఒక క్షణం కళ్ళు చీకట్లు కమ్మాయి. లేచి నిలబడ్డాను. మేస్త్రీ అటు తిరిగి ఉన్నాడు, చూళ్ళేదు. బోహుమిల్ చూశాడు. గంట కొట్టగానే లాక్కెళ్ళి కూర్చోబెట్టి, చొక్కా మీంచే తడిమాడు. వీపు మీద పలకెముక చూశాడు, బాగుంది. గుండ్రటి కీలు తిప్పాడు, తిరుగుతోంది. రెట్ట నొక్కాడు, బాగుంది. "ఎముకలన్నీ గట్టిగానే ఉన్నాయిరా. కండ బెసికింది. ఊరుకుంటే బిగుసుకుపోతుంది, కదిలించాలి." పైనున్న పట్టా మీంచి తాడు వేసి, రోజూ మధ్యాహ్నం ఆ తాడుతో నా చెయ్యి పైకి లాగేవాడు. అబ్బా, ఏం నొప్పే తల్లీ! పళ్ళు బిగపట్టి, "బాగానే ఉంది, బాబాయ్, ఇంకొంచెం లాగు" అనేవాణ్ణి. మూడు వారాలు! నాలుగో వారం చెయ్యి చచ్చుపడ్డట్టయి కొక్కెం జారి కింద పడింది. అప్పుడు మేస్త్రీ చూశాడు. పట్నం డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీశాడు. ఇదిగో, ఇక్కడ, మెడ కింద అడ్డంగా ఉంటుందే ఈ ఎముక, చెయ్యి పెట్టు, బుడిపె తగుల్తోందా? ఇది విరిగింది. రెండు ముక్కలూ ఒకదాని మీదికి ఒకటెక్కి అతుక్కోవడం మొదలెట్టాయి. "ఈ మూడు వారాలూ చెయ్యి కట్టుకుని ఊరుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదు, ఎవడయ్యా దీన్ని లాగింది?" అన్నాడు డాక్టరు.

ఎద్దుకి ఆ ఎముక లేదు తెస్సా. ముప్పై ఏళ్ళలో ఆయన చేతికి ఒక్కసారి కూడా అక్కడ ఎముక తగల్లేదు. మనిషికుంటుందని తెలీదా అంటే తెలుసు, అద్దంలో తన మెడ కింద రోజూ చూసుకునేదే కదా. కానీ చెయ్యి వెతికేది తనకి అలవాటైన చోటే. నన్ను మళ్ళీ ఉప్పులోకి పంపారు. బల్ల పోయింది. ఆయన్నేమో కాల్చుకు తిన్నారు. అన్నాల గదిలోకి ఆయన రాగానే రూడీ మొదలుపెట్టాడు, "అంబా..." అని. ఇంకోడు అందుకున్నాడు, "అంబా... డాక్టరుగారొచ్చారు, గడ్డి వెయ్యండ్రా." ఆయన చేత బాగుపడ్డవాళ్ళే! రోజూ అదే.  ఆయన బన్ను తీసుకుని మెట్ల మీద చలిలో కూర్చుని తినేవాడు. మళ్ళీ ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యలేదు. రెండేళ్ళకి పని మానేసి విస్కాన్సిన్‌లో కూతురింటికి పోయాడు, ఆఖరి రోజు గేటు దాటేదాకా "అంబా" వినపడుతూనే ఉంది. ఆ శీతాకాలమే అక్కడ పోయాడు. ఆయన కూతురు మీ అమ్మమ్మకి ఉత్తరం రాసింది.

అంతకు ముందు, గొడవ జరిగిన కొత్తల్లో, ఒక ఆదివారం మా ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. "ఒకసారి చూడనిస్తావా?" అన్నాడు. చొక్కా గుండీ విప్పాను. ఆ పెద్ద వేలితో బుడిపె మీద మెల్లగా, ఈ చివర నించి ఆ చివరకి, కొత్త కోత నేర్చుకునేవాళ్ళు తడిమినట్టు తడిమాడు. చాలాసేపు. తర్వాత అడిగాడు, "అలోయిస్, పడ్డప్పుడు చప్పుడేమన్నా వినపడిందిరా నీకు?"

"లేదు బాబాయ్" అన్నాను.

"వినపడుంటే చెప్పేవాడివేలే" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వినపడిందమ్మా. ఎండు మొక్కజొన్న దంటు విరిగినట్టు, స్పష్టంగా. అది ఎముకేనని ఆ క్షణమే తెలుసు. చెబితే ఆయనే నన్ను నర్సమ్మ దగ్గరికి నడిపించుకుపోయేవాడు, చీటీ మేస్త్రీకి పోయేది, బల్ల పోయేది. అందుకు దాచాను. సరే, కుర్రతనం. కానీ ఆ ఆదివారం గుమ్మంలో ఎందుకు దాచాను? బల్ల ఎలాగూ పోయిందిగా అప్పటికి. ఒక్క మాటంటే రూడీగాడి నోరు మూతపడేది. ఆయన లోపలికొచ్చి కూర్చునేవాడు. నేనే... ఉప్పులోంచి పైకొచ్చి అన్నాల గదిలో అందరితో పాటు కూర్చుని, వాళ్ళు "అంబా" అని అరుస్తుంటే తలొంచుకుని తిన్నాను. ఒకసారి... ఒకసారి నేను కూడా...

ఆ కిటికీ వేసెయ్యమ్మా. గొడ్ల లారీ పోతున్నట్టుంది, వాసనొస్తోంది.