ఆముదంల మల్లెవాసన

గదేంది జకర్యా సార్, రైలు దిగి వచ్చి చాయ్ సుత తాగలె, అప్పుడే బిడ్డ ట్రంకుపెట్టెకు తాడు కడుతున్రు? పెట్టె ఎవరిదో వాళ్లను ఒక మాట అడగొద్దా? కింద పెట్టుండ్రి. గుంటూరు రైలు రాత్రికి గద. అప్పటిదాక మీరు నా అత్తరు దుకాణంల మెహమాన్.

ఆ కుర్చీ వద్దు, ఈ పరుపు మీద కూసోండ్రి. ఆ కుర్చీ మీద మీ బిడ్డ ఏదో మందు ఒలకబోసింది, నడుమ కాలి బొక్క పడ్డది. పారేస్తనంటే నా పెండ్లాం బానో ఒప్పుకోది. డాక్టరమ్మ కుర్చీ అంటది.

ప్రేమమణి ఎటు వోయిందంటరా? బేగంపేట దిక్కు, సర్కారీ లాబొరేటరీకి. ఎందుకు వోయిందో మీకు చెప్పుమని నన్ను కూసోబెట్టింది. "నాన్నగారు వస్తే మీరే చెప్పండి బాబాయిగారూ, నాకు నోరు రాదు" అన్నది. నాకేమో నోరు ఎక్కువని ఆమెకు ఎరుకే.

మీరు చెప్పేది నేను కాదంటలేను సార్. గుంటూరుల ఆడపిల్లల బడి, పర్మనెంటు నౌకరీ, ఇంటి తిండి. ఇక్కడనేమో కలకత్తాల చదివి డాక్టరు పట్టా తెచ్చుకున్నంక సుత ఇంకా రిసెర్చ్ అంటది, అదిన్నీ రెండేండ్లకే. చదువు అయిపోయినంక మళ్ల చదువేందమ్మా అని నేనే అడిగిన. "చదువు కాదండీ, చదివినదాంతో కొత్తది చెయ్యడం" అన్నది. నాకు సగం సమజయింది.

పోయిన వానకాలం షురూల వచ్చింది మా ఇంటికి. మీ చర్చిల పాటలు నేర్పే మేబెలమ్మ తోలుకొచ్చి, డాక్టరమ్మ, మీద అర్ర ఇయ్యి జాన్ సాహెబ్ అన్నది. డాక్టరనంగనే మా బానో సంబురంగ మోకాలు ముందర పెట్టింది. "నేను మనుషుల డాక్టర్ని కాదండీ, నూనెల డాక్టర్ని" అన్నది మీ బిడ్డ. బానో ఆ మోకాలికి ఇంత నూనె రాసుకొని ఊకున్నది.

ఆమె పని ఏందో ఓసారి అడిగిన. రెండు సరుకులు వాటంతట అవి కలువయట. మూడోది ఒకటి జెరంత వేస్తే కలుస్తయట, ఆ మూడోది మాత్రం తరగదట. అంటే దళారి అన్నట్టా అన్న. "అచ్చం అంతే" అన్నది. ఏమీ మింగకుండ బేరం కుదిర్చే దళారి ఈ రెజిమెంటల్ బజార్ల దొరకడమ్మా అంటే, కడుపు పట్టుకొని నవ్వింది.

ఇగ నౌకరీ సంగతి వినుండ్రి. ఇంటర్వ్యూ సెప్టెంబర్ల ఒక సోమవారం పెట్టిన్రు. తెల్లచీర కట్టుకొని, కాయితాలు చంకల పెట్టుకొని మెట్లు దిగింది. ఆ పొద్దే ఇండియా మిలిటరీ నిజాం రాజ్యంల అడుగువెట్టింది సార్. మీద విమానాలు. బస్సుల్లేవు, రిక్షాల్లేవు. నేను దుకాణం తలుపేస్తున్న. ఆమె ఇగో ఇక్కడ, మీరు కూసున్నకాడనే కూసొని, "ఇంటర్వ్యూ మధ్యాహ్నానికి మారుస్తారేమో" అంటది. పిచ్చితల్లీ, మారుతున్నది ఇంటర్వ్యూ కాదు, సర్కారు అన్న.

ఆ దినాలు ఏం చెప్పాలె. అంతకుముందు రజాకార్లు గల్లీల్ల తిరిగేటప్పుడు ఆమె భయపడేది, మా బానో పక్కల పండుకోబెట్టుకున్నది. మిలిటరీ వచ్చినంక భయం మా వంతు. కొందరు కర్రలు పట్టుకొని దుకాణాలు చూసుకుంట వస్తుంటే, మీ బిడ్డ కిందికి దిగి, తలుపు తీసి, గడపల కూసొని చాటల బియ్యం ఏరింది. వాళ్లు చూసిన్రు, తురకల ఇల్లు కాదనుకొని వోయిన్రు. బియ్యం ఏరుడు అయినంక చూస్తే రాళ్లు బియ్యంలనే ఉన్నయి, బియ్యం బయట పడ్డయి.

ఈ సంగతి మీకు రాయలేదు గద? నాకు ఎరుకే.

తర్వాత లాబొరేటరీల పాత పెద్దసాబ్ కరాచీ వోయిండు. కొత్తాయన వచ్చేదాక ఎవరిని అడిగినా మల్ల రాపో అనుడే. పోతది, వస్తది. ఇగ ఇట్ల కాదని మా పెరట్ల తానం చేసే అర్రల దుకాణం పెట్టింది. కలకత్తా నుంచి తెచ్చుకున్న గాజు బుడ్లు, గాజు గొట్టాలు, కుంపటి. ఏం కాస్తదంటే, ఆముదం.

సార్, ఆముదం తాగినోళ్లున్నరు, తలకు పెట్టుకున్నోళ్లున్నరు. ఆముదాన్ని మాడబెట్టి ఆవిరి పట్టినోళ్లను నేను చూడలె. గల్లీ గల్లీ పరేషాన్. పక్కింటి దేవమ్మ వచ్చి, మీ ఇంట్ల ఎవరన్నా పోయిన్రా అని అడిగింది. మా బానో తానం బంద్. నేను నమాజుకు పోతే పక్కాయన జెర జరిగి నిలబడ్డడు. అత్తరు అమ్మేటోని బతుకు అట్లయింది.

ఆ ఆవిరినుంచి వచ్చినదాన్ని తీసుకొని, నా దుకాణంల చేదుబాదం నూనె అడిగింది. ఇచ్చిన. సబ్బులోళ్లు వాడే సోడా కారం చుక్కలు చుక్కలు పోసింది, అదే దళారి అట. మొదటిసారి కంపు. రెండోసారి అంతకన్న కంపు. మూడోసారి నేను చూడనే లేదు, బజార్ల తిరగవోయిన.

డిసెంబర్ నెల సార్. చలి గజగజ. ఇంటికొచ్చి గడపల కాలు పెట్టిన్నో లేదో, మల్లెపూలు. ఎండకాలం మాపటేల బుట్ట దించినట్టు. బానో పెరట్ల నిలబడి, ఈ చలిల మల్లెలు ఎవరు తెచ్చిన్రని అటిటు చూస్తున్నది. మీ బిడ్డ నెత్తికి గుడ్డ కట్టుకొని, ముఖమంత మసి, ఒక చిన్న సీసా పట్టుకొని ఏడుస్తున్నది. నవ్వుకుంట ఏడుస్తున్నది.

నాకు మాత్రం నవ్వు రాలె. మీకు దాచి ఏం లాభం. కన్నౌజ్ నుంచి మల్లె అత్తరు తెప్పించి అమ్ముడు మా తాతల కాలం నుంచి మా పని. తొవ్వలు బందయి ఏడాది కావొస్తున్నది, ఒక్క సీసా మిగిలింది. ఇప్పుడు ఆముదంల నుంచి మల్లెలు తీస్తే నా సరుకు ఎవడు కొంటడు? రెండు రోజులు ఆమెతోటి మాట్లాడలె. బానో నాకు రొట్టె విసిరేసింది, పెట్టలె. "కడుపున పుట్టిన బిడ్డ పాసైతే గిట్లనే మూతి ముడుస్తుంటివా?" అన్నది. మాకు పిల్లల్లేరు సార్.

ఇగ అసలు కథ. కొత్త పెద్దాఫీసర్ వచ్చిండు. మీ బిడ్డ సీసా తీస్కపోయి ముందర పెట్టింది. ఆయన వాసన చూసి మెచ్చుకున్నడట. మెచ్చుకొని, ఎక్కడ ఉంటున్నవమ్మా అన్నడట. ఈమె సత్యం చెప్పింది, రెజిమెంటల్ బజార్ల అత్తరు దుకాణం మీద అని. అయిపాయె. ఆయన ముఖం మారింది.

పోయిన గురువారం ఆ ఆఫీసర్ స్వయంగ నా దుకాణంకి వచ్చిండు. తెలుగాయనే, మద్రాస్ దిక్కు. "నీ దగ్గరున్న మల్లె అత్తరు తీయవయ్యా" అన్నడు. తీసిన. అటు తిరిగి, ఒక దూది ఉండకు నాది, ఇంకోదానికి ఆమెది అద్ది, రెండు నా ముందర పెట్టిండు. "వీటిలో నీ సరుకు ఏది?" అన్నడు.

సమజయిందా సార్? ఆమె సరుకును నేను నాదంటే, ఆమె నా సీసా కొట్టేసి తన పేరు పెట్టుకున్నట్టే. ఒక్క మాట. ఆ ఒక్క మాటతోటి నా దుకాణం నాకు, మీ బిడ్డ మీకు. మీది మెట్ల మీద ఆమె నిలబడ్డది. పరదా వెనుక బానో గాజుల చప్పుడు ఆగిపాయె.

నేను రెండు ఉండలు వాసన చూసిన. కండ్లు మూసుకున్న. ఒకటి తీసి, ఇది నాది సాబ్, కన్నౌజ్‌ది అన్న. రెండోది నా దుకాణంల ఎన్నడూ లేదు, ఈ బజార్ల ఏ దుకాణంల సుత లేదు అన్న. ఆయన నవ్విండు. సరిగ్గనే చెప్పిన్నట. సోమవారం వచ్చి పనిల చేరమ్మా అని ఆమెకు చెప్పి వోయిండు.

ఇయ్యాల సోమవారం. అందుకే వోయింది. ఇప్పుడు ఆమెకు అక్కడ బల్ల ఉంది, కుర్చీ ఉంది, మా బానోకు తానం అర్ర వాపసు వచ్చింది.

రెండేండ్లే గద అంటరా? నిజాం సర్కారు రెండు వందల ఏండ్లు నిలబడ్డది సార్, పర్మనెంటే అనుకున్నం. అయిదు దినాల్ల ఖతం. పర్మనెంటుకే గట్లయితే టెంపరరీకి ఏం భయం?

ఆ, నవ్విన్రు. తాడు వదిలిపెట్టిన్రు. చాయ్ తాగుండ్రి.

ఏమంటిరి? నా ముక్కు దేవుడిచ్చిన ముక్కా?

ఇట్ల దగ్గరికి రాండ్రి. బానో వింటది. మీరు బడిపంతులు, చర్చిల పెద్దమనిషి, మీతోటి అబద్ధం ఆడలేను. ఆ గురువారం నాకు పడిశెం సార్. ముక్కు రెండు దిక్కుల బందు. మల్లె లేదు, ఆముదం లేదు, బిర్యానీ వండినా తెలుస్తలేదు. పడిశెం పట్టిందని ఆఫీసర్ ముందర అత్తరు సాబు ఎట్ల చెప్తడు? చెప్పినా, తప్పించుకుంటున్నడు, ఇద్దరూ ఒకటే అనుకుంటడు గద. బిస్మిల్లా అనుకొని, చేతికి దగ్గరున్న ఉండ తీసిన. అంతే. మీ బిడ్డ నౌకరీ ఆ ఉండ మీద నిలబడ్డది.

నవ్వకుండ్రి సార్, చాయ్ ఒలుకుతది. ఆమెకు చెప్పకుండ్రి. బానోకు అస్సలే చెప్పకుండ్రి.

అప్పటినుంచి బజార్ల జాన్ సాహెబ్ ముక్కంటే ముక్కు అంటున్రు. నిన్న నేరేడ్‌మెట్ నుంచి ఒకాయన కస్తూరి తెచ్చిండు, అసలుదా నకిలీదా చూడుమని. పడిశెం ఇంకా తగ్గలె. ముక్కుకాడ పెట్టుకొని, కండ్లు మూసుకొని, చాన సేపు ఉన్న. దుకాణం నిండ మనుషులు చూస్తున్రు. ఎల్లుండి రా నాయనా, ముక్కు అలిసింది అని పంపించిన.

ఏం చేస్త సార్.