మార్చి మూడో తారీకు ఉత్తరం

వేల్స్ కొండల్లో ట్రెగారన్ ఊరు. వాన పడుతున్న మధ్యాహ్నం, నెస్తా టీచర్ వంటిల్లు. ఇరవై ఏళ్ళు ఆమె దగ్గర హైజంప్ నేర్చుకున్న హెలెద్, ఆట మానేసిన వారానికి వచ్చి కూర్చుంది.

“టీ చల్లారిపోతోంది, తాగు ముందు.”

“తాగుతాను. ఈ ఉత్తరం కింద సంతకం మీదేనా టీచర్?”

“ఎండుద్రాక్షల రొట్టె కోశాను. వెన్న రాయనా?”

“సంతకం మీదేనా?”

“కళ్ళజోడు ఎక్కడ పెట్టానో...”

“మీ తల మీదే ఉంది.”

“ఆఁ... నాదిలాగే ఉంది. ఎవరిచ్చారు నీకిది?”

“గ్విలిమ్. ఎనిమిదేళ్ళ కిందట వేల్స్ జట్టుకి మేనేజరు ఆయనే కదా. ఇల్లు మారుతూ పాత కాగితాలు సర్దుకుంటుంటే దొరికిందట. ‘నీ చీలమండ ఇప్పుడెలా ఉందమ్మా పాపం’ అన్నాడు. నా చీలమండకి ఏమైంది టీచర్?”

“అప్పట్లో వాచింది కదా.”

“వాచింది. నాలుగు రోజుల్లో తగ్గింది. మీరేమో ‘ఎముక చిట్లింది, ఆస్ట్రేలియాలో కామన్వెల్త్ ఆటలకి పంపలేం’ అని సెలెక్టర్లకి రాశారు.”

“అది... జాగ్రత్త కోసం...”

“నాతో ఏమన్నారు? ‘సెలెక్టర్లు నిన్ను వద్దన్నారే. వాళ్ళ కళ్ళకి మనం గొర్రెలు కాసుకునేవాళ్ళం’ అన్నారు. నా భుజం మీద తల పెట్టి ఏడ్చారు కూడా.”

“నిజంగానే ఏడ్చాను.”

“అదే నాకు మింగుడు పడట్లేదు. ఆ జనవరిలో కార్డిఫ్‌లో నేనెంత దూకాను?”

“గుర్తుంది.”

“చెప్పండి.”

“మీటరు ఎనభై ఎనిమిది.”

“టెగ్వెన్?”

“దాని సంగతి ఇప్పుడెందుకు?”

“నా బదులు వెళ్ళింది అదే కదా, మీ అన్న కూతురు. ఎంత?”

“ఎనభై ఒకటి. కానీ అన్న కూతురని కాదు, నేను...”

“అది వేల్స్ ఎర్ర జెర్సీ వేసుకుని టీవీలో నడిచొస్తుంటే, మీ పక్కన ఈ కుర్చీలోనే కూర్చుని చప్పట్లు కొట్టాను టీచర్. చేతులు మండేదాకా కొట్టాను.”

“నీది పెద్ద మనసే. నేను ఎప్పుడూ అంటాను.”

“ఆ తర్వాత నా మోకాలు పోయింది. రెండు ఆపరేషన్లు. మళ్ళీ వచ్చినా ఎనభై దాటలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వేల్స్ తరఫున దూకితే చాలనుకున్నాను. పన్నెండేళ్ళప్పుడు గొర్రెల దడి మీంచి దూకుతుంటే, చెయ్యి పట్టుకుని ‘నీకు ఎర్ర జెర్సీ తొడిగిస్తా’ అన్నది మీరు కాదూ?”

“తిట్టు. నీ కడుపుమంట చల్లారేదాకా తిట్టు.”

“తిట్టడానికి రాలేదు. ఎందుకు రాశారో చెప్పండి, లేచి పోతాను.”

“చెప్పకూడదనుకున్నాను. మాటిచ్చాను.”

“ఎవరికి?”

“వద్దులే, వదిలెయ్...”

“ఎవరికి టీచర్?”

“మీ అమ్మకి.”

“అమ్మకా?”

“ఆసుపత్రికి చూడ్డానికి వెళ్ళాను, ఒక్కదాన్నే. నువ్వు ప్రాక్టీసులో ఉన్నావు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని ‘నేను పోయేలోగా నా పిల్లని అంత దూరం పంపకు నెస్తా, ఏదో ఒకటి చెప్పి ఆపు’ అంది. పోయే మనిషి అడిగితే కాదంటానా?”

“అమ్మ... అలా అందా?”

“అంది. నీకు తెలియనివ్వద్దని కూడా మాట తీసుకుంది. అందుకే ఇన్నేళ్ళూ ఈ బరువు మోశాను.”

“ఇంకేమంది? నా గురించి... ఇంకేమైనా అందా?”

“‘నా బంగారు తల్లి’ అంది. మన వెల్ష్ భాషలోనే, నెమ్మదిగా. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.”

“ఎప్పుడది?”

“ఉత్తరం రాయడానికి ముందు రోజే. మార్చి రెండు. ఎలా మర్చిపోతాను?”

“టీచర్...”

“ఏడవకు తల్లీ. ఇలా రా, నా దగ్గరికి రా.”

“మీకు అప్పుడు ఒకటి చెప్పలేదు. నా మనసు ఆట మీద లేదనుకుంటారని భయపడి దాచాను. ఆ ఏడాది జనవరి ఆఖర్లో, పక్షవాతం వచ్చిన రోజే అమ్మకి మాట పడిపోయింది. పోయేదాకా నా పేరు కూడా పలకలేదు.”