చిన్నాన్న గుమ్మంలో యుద్ధనౌక

చిన్నాన్న చెప్పే మాటల్లో ఆవగింజంత నిజం ఎప్పుడూ ఉంటుంది. దాని మీద ఆయన లేపే మేడలకే అంతూ పొంతూ ఉండదు. వరసకి అన్నకొడుకు ఒక్కడికే చిన్నాన్న అయినా, అయస్కాంతాల ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు.

ఆ ఉదయం గేటు ఎదురుగా అక్క టీకొట్టులో బల్లల మీద యూనిఫాం వేసుకుని, పని లేకుండా కూర్చున్నారు జనం. అయస్కాంతాలు చేసే నియోడిమియం పొడి పైదేశం నుంచి రావాలి. ఆ దేశం వాళ్ళు, మా మట్టి తీసుకెళ్ళి మీరు క్షిపణులు చేసుకుంటారా అని ఎగుమతి ఆపేశారు. ఫ్యాక్టరీలో బట్టీ చల్లారి చాలా రోజులైంది.

అన్నకొడుకు పని ఆ బట్టీ మీదే. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. పక్క పేటలో నీళ్ళ పంపులు చేసే షెడ్డు ఓనరు నిన్న ఫోన్ చేసి, పోత పనికి మనిషి కావాలి, రేపు మధ్యాహ్నంలోగా వస్తావో రావో తేల్చు అన్నాడు. పొడి వస్తుందంటే ఇన్నేళ్ళ పని వదలడానికి మనసొప్పదు. రాదంటే పిల్లల గతేమిటి? రాత్రంతా ఆలోచించినా తేలక, గ్లాసు చేతిలో పట్టుకుని చిన్నాన్న మాటలు వింటున్నాడు.

"దిగులెందుకర్రా? పొడి రాకుండా ఎక్కడికి పోతుంది? మనం లేందే సైన్యమే లేదు. క్షిపణి తోకలో రెక్కలు తిప్పే మోటారు ఉంటుంది చూశారూ, అందులో మన ముక్క లేకపోతే అది తాగినవాడిలా తూలి, వదిలినవాడి నెత్తినే పడుతుంది. యుద్ధవిమానం గానీ, రాడారు గానీ, దేని పొట్ట కోసి చూడు, మన సరుకే!"

"అది నిజమేలే," అన్నాడు తూకం మేస్త్రి.

నిజమే అని ఒకసారి అనిపించుకున్నాక చిన్నాన్నని ఆపడం ఎవరి తరం?

"ఒకసారి ప్యాకింగులో ఒకడు రెండు అయస్కాంతం దిమ్మల మధ్య చెక్క పెట్టడం మరిచాడు. మన దగ్గర చెక్క మరిస్తే ఏమవుతుందో తెలుసుగా? టప్పుమని అతుక్కున్నాయి. నలుగురు పట్టి లాగారు, చెక్కమేకులు దిగ్గొట్టారు, ఊహూఁ! అప్పుడు నేను వెళ్ళి ఇలా ఒక్క చేత్తో..."

"ఒక్క చేత్తోనా?"

"రెండో చేతిలో టీ గ్లాసుంది మరి! గాజుది కాబట్టి బతికిపోయాను, స్టీలుదైతే నేనూ అతుక్కుపోయేవాణ్ణి. సరే, విడదీశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విడదీశానన్న కోపంతో అందులో ఒక దిమ్మ కనపడినదాన్నల్లా లాగడం మొదలుపెట్టింది. ముందు నా బెల్టు..."

"షెడ్డులోకి బెల్టు పెట్టుకోనివ్వరు కదా చిన్నాన్నా," అన్నాడు మేస్త్రి.

"అందుకేగా అప్పట్నుంచీ పెట్టుకోనివ్వడం లేదు! బెల్టు అయ్యాక ఈ వీధిలో డబ్బాల మూతలు, సైకిళ్ళు, ఇదిగో, అక్క స్టవ్వు..."

"నా స్టవ్వు ఎక్కడికీ కదల్లేదు," అంది అక్క పాలు పోస్తూ.

"నువ్వప్పుడు పాలకి వెళ్ళావమ్మా. వచ్చేలోగా తెచ్చి పెట్టేశాను, నా మంచితనం అలాంటిది. సరిగ్గా ఆ నిమిషానే శత్రువు మన రాజధాని మీదికి క్షిపణి వదిలాడు. అది సగం దారిలో ఆగి, వెనక్కి తిరిగి, రయ్యిమని వచ్చి మన ప్యాకింగు గోడకి బల్లిలా అతుక్కుంది!"

"మరి పేలలేదా?"

"ఎందుకు పేలుతుంది? దాని మోటారులో ఉన్నదీ మన అయస్కాంతమేనయ్యా! పుట్టింటికొచ్చిన ఆడపిల్ల గోడలు పడగొడుతుందా?"

బల్లలన్నీ ఘొల్లుమన్నాయి. అదే సమయానికి అన్నకొడుకు ఫోను మోగింది. పంపుల షెడ్డు ఓనరు. లేచి కరెంటు స్తంభం దాకా వెళ్ళి ఎత్తాడు.

"ఏమయ్యా, వస్తున్నావా లేదా? మీ చిన్నాన్న రోజూ వచ్చి కూర్చుంటున్నాడని ఇంతవరకూ ఆపాను. పాపం, ఆయనకే పని కావాలేమో అనుకున్నాను. ఉన్నది ఒక్కడికే, నువ్వు చేరతావా అని అడిగితే, నాకొద్దండీ, మావాణ్ణి పెట్టుకోండి, పిల్లలున్నవాడు అన్నాడు."

అన్నకొడుకు ఇప్పుడే చెప్తానండీ అని పెట్టేశాడు. ఇన్నాళ్ళూ పొద్దున్నే బజారుకని చెప్పి ఈయన వెళ్తున్నది అక్కడికా? ముసలాయన మీద కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. తిరిగి వచ్చేసరికి కథ సముద్రం దాకా వెళ్ళిపోయింది.

"ఆ దిమ్మని సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చేసరికి, నౌకాదళంలో దిక్సూచులన్నీ ఉత్తరం చూడటం మానేసి మా ఇంటివైపు తిరిగాయి. ముల్లు ఎటుంటే ఓడ అటే కదా! వరసగా బయల్దేరాయి."

"మన ఊరికి సముద్రమే లేదు కదయ్యా!" అన్నాడు మేస్త్రి.

"లేదు! వాళ్ళ గొప్పతనం అంతా అక్కడే ఉంది. కాలవ తవ్వుకుంటూ వచ్చారు. పొద్దున్నే మీ పిన్ని తలుపు తీస్తే గుమ్మంలో యుద్ధనౌక! అడ్మిరల్ గారూ, ఇప్పుడే ఇల్లు తుడిచాను, కాళ్ళు తుడుచుకుని రండి అంది. పాపం, తుడుచుకునే వచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకుని, మా దిక్సూచి ముల్లు వదిలెయ్యండి మహాప్రభో, ఏం కావాలో కోరుకోండి అన్నాడు. పతకాలొద్దు, పదవులొద్దు, మా బట్టీకి పొడి కావాలన్నాను. సోమవారానికల్లా ఓడ నిండా పొడి మీ గేటు ముందుంటుంది అని మాటిచ్చాడు!"

ఈసారి నవ్వు రాలేదు. తూకం మేస్త్రి గ్లాసు కింద పెట్టి, "సోమవారమా?" అన్నాడు, అబద్ధమని తెలిసి కూడా. అక్క సరిగ్గా వినపడాలని స్టవ్వు తగ్గించింది.

"చిన్నాన్నా," అన్నాడు అన్నకొడుకు. "సోమవారం పొడి వస్తుంటే, నా పని కోసం పంపుల షెడ్డు చుట్టూ రోజూ ఎందుకు తిరిగావు?"

చిన్నాన్న ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు.

"సోమవారం అన్నాడు గానీ, ఏ సోమవారమో చెప్పలేదు కదరా," అన్నాడు చివరికి. తర్వాత గొంతు తగ్గించి, "వీళ్ళ మొహాలు చూడలేక ఏదో వాగుతుంటాను. నువ్వు నమ్మి కూర్చోకు. వెళ్ళి చేరు," అన్నాడు.

అన్నకొడుకు అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నే వస్తానండీ అని చెప్పాడు. చెప్పి చిన్నాన్న పక్కన కూర్చున్నాడు.

"మరి నువ్వు? నీకిస్తానన్న పని నాకిప్పించి, నువ్వేం చేద్దామని?"

"నేనా?" చిన్నాన్న యూనిఫాం చొక్కా సర్దుకుని, మూసి ఉన్న గేటు వైపు చూశాడు. "నేను కూడా పోతే ఈ దేశానికి దిక్కెవరురా?"

ఆ మాటని కాదనడానికి బల్ల మీద ఎవరికీ మనసు రాలేదు.